ముప్ఫై ఎక్కణ్ణుంచి వచ్చింది

గుడివాడలో అవనిగడ్డ బస్సెక్కినప్పటి నుంచీ ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని అదే లెక్క చేస్తున్నాను. దివిసీమలో వరిచేలు మూడు రోజులుగా మునిగి ఉన్నాయి. నీళ్లు తోడాల్సిన పెద్ద మోటారును స్టార్ట్ చేసిన ప్రతిసారీ, దానికి కాపలాగా బిగించిన రిలే ఆపేస్తోంది. మోటారులోకి వెళ్లే కరెంటుకీ బయటికొచ్చే కరెంటుకీ పది శాతం తేడా వస్తే ఆపేలా దాన్ని సెట్ చేసింది నేనే. ఎన్నిసార్లు వేసినా లెక్క పదే చెబుతోంది. రైతుల ఫోన్లు ఆగడం లేదు. చివరికి పది కొట్టేసి ముప్ఫై రాశాను.

"ముప్ఫై ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అన్నాడు పక్కసీటు పెద్దాయన, నా నోటుబుక్కులోకి చూస్తూ.

నాకు ఒళ్లు మండింది. "చేలు కుళ్లిపోతున్నాయండీ! రిలే ఊరికే ఆపేస్తోంది."

"మోటారు మూత తీసి చూశారా?"

చూడలేదు. మూడు రోజులూ నా లెక్కలోనే తప్పు వెతికాను.

ఆయన తువ్వాలు కిందున్న కుడిచెయ్యి బయటపెట్టాడు. వేళ్లు కాలి అతుక్కుపోయి ఉన్నాయి.

"నేనూ ఇలాగే పెంచానండీ. స్విచ్ వేసింది మా ఆపరేటరు. మోటారు పేలి అంటుకుంది. ఆయన్ని మంటల్లోంచి లాగబోతే ఇలా అయింది."

మొవ్వలో దిగిపోయాడు. నేను మోటారు దగ్గరున్న మా ఆపరేటరుకి ఫోన్ చేసి, స్విచ్ ముట్టుకోవద్దని, ముందు మూత తీయమని చెప్పాను. కాసేపటికి అతను, "లోపల వైండింగ్ తీగలు ఒకచోట మాడిపోయాయండీ" అన్నాడు.

ఆ చేలు దక్కలేదు. ఆపరేటరు మాత్రం ఇప్పటికీ మోటారు స్టార్ట్ చేసే ముందు నాకు ఫోన్ చేస్తాడు.