పత్తి మద్దయ్య పాలిస్టర్ చీరలు

ఆదోని మార్కెట్ యార్డులో ముప్పై రెండేళ్లు పత్తి నాణ్యం చూసిన మద్దయ్యకు, పని మానేశాక చేతులు ఊరుకోలేదు. గుప్పెడు పత్తి తీసి, పింజ లాగి, వేళ్ల మధ్య నలిపి "ఇది తడిసిన సరుకు", "ఇది తొలి తీతది" అని ఆయన చెబితే రైతూ కాదనేవాడు కాదు, షావుకారూ కాదనేవాడు కాదు. ఇప్పుడు ఇంట్లో దిండ్లూ పరుపులూ నలిపి తీర్పులిస్తుంటే చూడలేక, కోడలు భవ్యశ్రీ ఆయన్ని ఫోన్ ఎదుట కూర్చోబెట్టింది.

"మామా, ముందు అందరికీ నమస్కారం సెప్పి నవ్వల్ల."

"పత్తి సూసేటప్పుడు నగితే ఎవుడు నమ్ముతాడమ్మా?"

నవ్వని ఆ మొహమే జనానికి నచ్చింది. 'పత్తి మద్దయ్య' అని భవ్యశ్రీ తెరిచిన ఛానెల్‌లో మూడు నెలల్లో నలభై వేల మంది చేరారు. మొదట్లో ఆలూరు, కౌతాళం రైతులు పంట చూపించి అడిగేవాళ్లు. తర్వాత లుంగీలు, దుప్పట్లు, దీపం వత్తులు వచ్చాయి. ఒకాయన పెళ్లికొడుకు ఫోటో పంపి, మనిషి ఎట్లాంటోడో చెప్పమన్నాడు. మద్దయ్య చాలాసేపు చూసి, "చొక్కా మాత్రం మంచిది" అన్నాడు.

బస్సులో కండక్టరు గుర్తుపట్టి సీటు ఇప్పించిన రోజున, ఇంటికొచ్చి మీసాలకు రంగేసుకున్నాడు.

అలాంటప్పుడు ఎమ్మిగనూరులో బట్టల కొట్టు పెట్టుకున్న వెంకటేశ్వర్లు ఫోన్ చేశాడు. "మద్దయ్యన్నా, మా అంగడికొచ్చి కాటన్ సీరల గురించి నాలుగు మాటలు సెప్పి పో. వదినకు మంచి సీర పెడతాను."

ఛానెల్‌కు అది మొదటి ప్రచారం. భవ్యశ్రీ బస్సులో దారి పొడవునా మామకు మాటలు నేర్పింది. ఆయన బడిపిల్లాడిలా అప్పజెప్పాడు కూడా.

అంగట్లో లైవ్ మొదలైంది. "ఇవి అచ్చమైన కాటన్ చీరలు..." అంటూ ఉండగానే చెయ్యి దానంతటదే కొంగు అంచుకు పోయి ఒక పోగు లాగింది. నలిపింది. మద్దయ్య నోరు ఆగిపోయింది.

"సెప్పు మామా" అని భవ్యశ్రీ ఫోన్ వెనక నుంచి గొణిగింది.

"వెంకటేశ్వర్లూ, యాడ తెచ్చినావప్పా ఇవి? దీంట్లో దూదే ల్యా. అంతా పాలిస్టరే!"

వెంకటేశ్వర్లు ఆపమని రెండు చేతులూ ఊపాడు. కంగారులో భవ్యశ్రీ ఫోన్‌ను అతని వైపే తిప్పింది. 'అచ్చ కాటన్' అని రాసిన బోర్డును అతను వీపుతో దాచుకోవడం పదకొండు వందల మంది చూశారు.

తిరుగు బస్సులో కోడలు లైవ్ కింద కామెంట్లు చదువుతూ కూర్చుంది. సగం దారి దాటాక మద్దయ్యే అన్నాడు: "నేనేం సెయ్యల్లమ్మా? నోరు నీ మాట ఇనింది, సెయ్యి ఇనలేదు."

నాలుగో రోజు వెంకటేశ్వర్లు పేరు ఫోన్‌లో కనబడగానే, తిట్లు తినే ఓపిక లేక మద్దయ్య దాన్ని కోడలికి అందించాడు.

"అన్నకు సెప్పమ్మా, సీరలన్నీ అయిపోయినాయి!" అవతల గొంతు గంతులేస్తోంది. "ఆడోళ్లు వచ్చి మద్దయ్య పాలిస్టర్ ఇయ్యి అంటాండారు. గంజి పెట్టే పని ల్యా, ఇస్త్రీ పని ల్యా అంట. బోర్డు గూడా అట్లే రాయించినాను."

"పత్తి మింద బతికినోన్ని నేను! నా పేరు పాలిస్టర్‌కు పెడతాడా?" అని మద్దయ్య ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆయన భార్య సులోచన మాత్రం, తనకు పెడతానన్న చీర ఏదని అడిగింది. మర్నాడు అదీ వచ్చింది. పాలిస్టరే.

ఆ వారం కౌతాళంలో చుట్టాల పెళ్లికి ఆమె అదే కట్టుకుంది. పందిట్లో మద్దయ్యను గుర్తుపట్టి పదిమంది ఫోన్లతో మూగారు.

"మామా, అత్త కట్టిండేది ఏం బట్టో సెప్పు!" అన్నాడు వాళ్లలో ఒక కుర్రాడు.

మద్దయ్య నోరు తెరిచాడు. సులోచన కళ్లెత్తి ఒక చూపు చూసింది.

"నలభై ఏండ్లు కాపురం సేసినోన్ని," అన్నాడు మద్దయ్య, "ఇట్లాటి ప్రశ్నలకు జవాబు సెప్పనప్పా."

సులోచన పక్కున నవ్వి, ఆయన భుజం పట్టుకుని భోజనాల బంతి వైపు లాక్కుపోయింది.