దానయ్య మాస్టారి పొట్టితోక ఊసరవెల్లి

దర్శి జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే దానయ్య మాస్టారికి మనిషి కనపడితే చాలు, ఏ జంతువు జాతో తేల్చందే అన్నం సయించదు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాణ్ణి కూడా గుమ్మంలో నిలబెట్టి లక్షణాలు రాసుకుంటారు.

ఆయన ప్రాణమంతా ఆఫ్రికాలోని ఓ బుల్లి ఊసరవెల్లి మీదే. కళ్ళారా చూసింది లేదు. పాత పుస్తకంలో బొమ్మ చూసి మనసు పారేసుకున్నారు.

ఓసారి మిరపరైతు యలమంద వచ్చి వాపోయాడు. "పురుగుమందుల కొట్టువాడు ఉత్త ఊసరవెల్లండీ! మొన్న చెప్పిన మాట ఇవాళ లేదు."

"ఏ జాతి?"

"ఊసరవెల్లిలో జాతులేంటండీ?"

"ఎందుకుండవయ్యా! ఆఫ్రికాలో ఒకటుంది. బెత్తెడుంటుంది. బుల్లి గడ్డం, పొట్టి తోక. పాపం, రంగులు మార్చడం కూడా పెద్దగా రాదు. ఎండుటాకులా పడుంటుంది. అంత నిజాయితీగల ప్రాణిని వాడితో పోలుస్తావా?"

"తప్పయిపోయిందండీ" అని యలమంద చూడని ఊసరవెల్లికి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆ యలమంద కూతురే అఖిల. మాస్టారి క్లాసులోనే ఇంటర్ చదివేది. పాఠమంతా వచ్చు, ఎవరైనా మొహంలోకి చూస్తే మాత్రం ఒక్క ముక్కా రాదు. మాస్టారు ఆ పిల్లను ప్రశ్న అడిగి, వెంటనే అటు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచేవారు. ఆయన వీపు చూస్తూ అఖిల గడగడా అప్పజెప్పేది. మాస్టారి పిచ్చిలో ఇదొకటని పిల్లలంతా నవ్వేవారు. అఖిలా నవ్వేది.

రెండో ఏడాది ప్రాక్టికల్స్ వచ్చాయి. "ఇది తప్పావో, చదువు చాలు. నాతో మిరపకోతకి రా" అని యలమంద ముందే చెప్పేశాడు.

ఒంగోలు నుంచి వచ్చిన ఎగ్జామినర్ సీసాలోని ఊసరవెల్లిని చూపించి, కళ్ళద్దాల మీదుగా అఖిలను చూశాడు. "లక్షణాలు చెప్పమ్మా."

అఖిల చేతులు వణికాయి. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఆయన సున్నా వెయ్యడానికి పెన్ను తీశాడు.

"ఆగండి సార్! ఆ పిల్లది పొట్టితోక ఊసరవెల్లి జాతి" అన్నారు పక్కనే ఉన్న దానయ్య మాస్టారు.

"అంటే?"

"ముట్టుకుంటే వణుకుతుంది. ఆనక బిగుసుకుపోతుంది. తెలియనివాళ్ళు చచ్చిందనుకుంటారు. కాసేపు అటు తిరిగితే చాలు, దానంతటదే కదులుతుంది." డస్టర్ ఎగ్జామినర్ చేతిలో పెట్టారు. "కాస్త ఆ బోర్డు తుడవండి."

"శుభ్రంగానే ఉందిగా?"

"రెండేళ్ళుగా తుడుస్తున్నాను, ఉండదా మరి!"

అఖిలకు అప్పుడర్థమైంది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఎగ్జామినర్ గొణుక్కుంటూ బోర్డు వైపు తిరిగాడో లేదో, వెనకనుంచి గొంతు లేచింది.

"వర్గం కార్డేటా. విభాగం సరీసృపాలు. కళ్ళు దేనికది తిరుగుతాయి..."

సీసాలో ఊసరవెల్లి సంగతంతా అయిపోయింది, అఖిల ఆగలేదు. ఆఫ్రికా దాకా వెళ్ళి, అక్కడి పొట్టితోకను కూడా పట్టుకుంది. చివరికి చెయ్యి నొప్పెట్టి ఎగ్జామినరే అన్నాడు, "ఇక చాలు తల్లీ, నన్ను ఇటు తిరగనియ్యి!"