పగలని గాజు

గోడకు బీట పడిందని ఎవరైనా వచ్చి చెబితే తిరువేంగడం ముందు తాపీ అడిగేవాడు కాదు, గాజు ముక్క అడిగేవాడు. కిటికీ అద్దంలోంచి కోయించిన జానెడు పొడుగు ముక్క, రెండు వేళ్ల వెడల్పు. బీటకు ఈ పక్కొకటి, ఆ పక్కొకటి సున్నపు ముద్దలు పెట్టి, వాటి మీద గాజును అడ్డంగా అతికించేవాడు. పక్కన గోడ మీద కావిమట్టితో తేదీ వేసేవాడు. గోడ తన చోట తానుంటే గాజు ఉంటుంది. వెంట్రుకవాసి జరిగినా గాజు రెండు ముక్కలవుతుంది. అప్పుడిక ఆలోచించేదేమీ లేదు, కట్టడం ఖాళీ చేయించడమే.

“మనిషి దాచినా గాజు దాచదప్పా” అనేవాడు కింది వాళ్లతో.

గుడియాత్తం నుంచి వేలూరు దాకా లోకల్ బోర్డు కట్టడాల మరమ్మతులన్నీ సూపర్వైజరుగా ఆయన చేతి మీద నడిచేవి. ఇరవై మూడు బళ్లు, నాలుగు ఆసుపత్రులు, ఏడు సత్రాలు, ఒక సంతపాక. వానలకు ముందు మిద్దెలెక్కి గచ్చు చూడడం, దూలాలను కొయ్యసుత్తితో కొట్టి చెదలు తిన్న మోత వస్తుందేమో వినడం, తూములు తీయించడం, ఏటేటా సున్నం కొట్టించడం. సైకిల్‌కు వెనక ఒక సంచీ. అందులో గుండుతాడు, కొయ్యసుత్తి, గుడ్డలో చుట్టిన గాజు ముక్కలు. సెలవు పెట్టడం ఎరగడు. కూలివాడి పేరు మరిచిపోయేవాడు కాదు, వాడి తప్పూ మరిచిపోయేవాడు కాదు.

1947 ఆగస్టులో జెండా పండుగకని అన్ని కట్టడాలకూ తొమ్మిది రోజుల్లో సున్నం కొట్టాలని ఉత్తర్వు వచ్చింది. పగలంతా మనుషులను పరుగెత్తించాడు. ఎనిమిదో రోజు సంతపాకకు పోయి చూస్తే దక్షిణపు గోడ మీది గాజు రెండు ముక్కలై ఉంది. దాని కిందే రంగప్ప మేస్త్రీ నిచ్చెన ఆనించి ఉంది. తిరువేంగడం ఇంకేమీ చూడలేదు. ముప్పైమంది ముందర మేస్త్రీని నిలబెట్టి అడిగాడు.

“నేను తాకనే లేదు సామీ” అన్నాడు రంగప్ప. “పొద్దన్నే వచ్చి చూస్తే పగిలే ఉండాది. గోడే జరిగినట్టుండాది సామీ.”

“గోడ జరిగేది నువ్వు నాకు చెప్పేటంతవాడివి అయినావా?”

పది రోజులు పనిలోకి రావద్దన్నాడు. జెండా రోజున కూలివాళ్లందరికీ బోర్డు వాళ్లు మిఠాయి పొట్లాలు పంచారు. రంగప్ప పొట్లం బల్ల మీద మిగిలిపోయింది. సాయంత్రానికి చీమలు పట్టాయి.

ఆ గోడకు కొత్త గాజు పెట్టారు. ఆ తరువాత ఆరేళ్లలో తిరువేంగడం చేతి కింది కట్టడాల్లో ఒక్క గాజు కూడా పగలలేదు. వేలూరులో ఇంజినీరు తక్కిన సూపర్వైజర్ల ముందర ఆ సంగతి ఎత్తి మెచ్చుకున్నాడు. ఆ మాట తిరువేంగడం ఇంటికొచ్చి భార్యతో చెప్పుకున్నాడు. పంకజమ్మ వడ్డిస్తూ వింది.

“గోడలు గూడా మీకు బయపడి నిలబడుకున్నట్టుండాదే” అంది.

ఆయన నవ్వి ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

*

నెల్లిమేడు బడికి రెండే గదులు. తూర్పు గదిలో అరవ క్లాసు, పడమటి గదిలో తెలుగు క్లాసు. పడమటి గోడకు ఆనుకునే నూలు అద్దేవాళ్ల దొడ్డి. ఎర్ర రంగు నీళ్లు గోడ వారనే గుంటలో నిలిచేవి. 1952 ఆషాఢంలో ఆ గోడకు కిటికీ మూల నుంచి దూలం కింది దాకా బీట పడింది. నీళ్లు మళ్లించాలని తిరువేంగడం బోర్డుకు రాశాడు. మళ్లీ రాశాడు. ఇంతలో గాజు పెట్టాడు. మూడు నెలలకొకసారి వచ్చి చూసుకునేవాడు. గాజు నిలిచే ఉంది.

మరుసటి ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది; గుడియాత్తం అరవ వైపే ఉండిపోయింది. గుడియాత్తం టీ కొట్లో తెలిసినవాళ్లు ఆయనను కదిలించారు. “ఎన్న నాయుడూ, మీ రాజ్జెం మీకు వచ్చేసిందే, మూటాముల్లె కట్టలేదా?” అన్నారు. మా తాత తవ్వించిన బావి ఈడ ఉండాది, దాన్ని యాడికి మోసుకుపోయేదని ఆయన అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ టీ సగంలో వదిలేసి లేచాడు.

ఆ వారమే బోర్డు ప్రెసిడెంటు జానకిరామన్ ఆయనను పిలిపించాడు. చెడ్డవాడు కాదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. నెల్లిమేడు గది సంగతి ఈ వానలకు ముందే తేల్చాలి. గది పనికిరాదంటే వేరే గది లేదు, కట్టే దారీ లేదు. తెలుగు క్లాసు ఎత్తేసి పిల్లలను అరవ క్లాసులో కూర్చోబెట్టడమే. ఆ క్లాసు ఇంకా దేనికని మెంబర్లు అప్పటికే అడుగుతున్నారు.

“రాసేది మీ చెయ్యి నాయుడూ” అన్నాడు చివరికి. “మూసేది మాత్రం నా చెయ్యి అయితాది. రేపు నన్ను అనొద్దు.”

తిరువేంగడం నెల్లిమేడు చేరేసరికి ఈ మాట ఆయనకంటే ముందే చేరింది. తెలుగు క్లాసు టీచరు సరస్వతమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. నలభై ఒక్కమంది పిల్లలు. చుట్టుపక్కల పది మైళ్లలో అఆలు దిద్దించే బడి ఇంకొకటి లేదు. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. మునియమ్మను పిలిచి పిల్లల పలకలు తెప్పించింది. మునియమ్మ ఆ బడి ఊడ్చే మనిషి, పంతొమ్మిదేళ్లుగా ఆమె పరిచిన చాపల మీదే ఆ ఊరి పిల్లలు కూర్చున్నారు.

“సూపర్వైజరయ్య పేరు రాసి చూపీ తల్లీ” అంది సరస్వతమ్మ ఒక పిల్లతో.

పిల్ల రాసి పలకెత్తి చూపింది. తిరువేంగడం దాన్ని అందుకుని చాలాసేపు చూశాడు. ఇంట్లో పుట్టిననాటి నుంచి మాట్లాడేది తెలుగే. చదివింది అరవమూ ఇంగ్లీషూ. ఆ పలక మీద ఉన్నది తన పేరని ఎవరో చెబితే తప్ప ఆయనకు తెలియదు.

“ఇంత పొడుగా నా పేరు?” అన్నాడు. పిల్లలు నవ్వారు.

అక్కణ్ణుంచి గదిలోకి పోయాడు, పిల్లలూ వెనకే వచ్చి కూర్చున్నారు. ఈ బడి పనీ చూసే రంగప్ప మేస్త్రీ నిచ్చెన వేసి పట్టుకుని ఉన్నాడు. తిరువేంగడం ఎక్కాడు. గాజు చెక్కుచెదరలేదు. పక్కన కావిమట్టి తేదీ తన చేతిదే, పొగకూ దుమ్ముకూ మాసిపోయి ఉంది. ఆయన గుండెల మీది బరువు దిగబోయింది. అంతలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆయన బొటనవేలు అలవాటు కొద్దీ గాజు మీద రాసింది. వేలికి దుమ్ము అంటలేదు. సున్నపు ముద్దలు తెల్లగా ఉన్నాయి. పదిహేను నెలల సున్నం అంత తెల్లగా ఉండదు.

ఆయన కిందికి చూశాడు. రంగప్ప తల వంచుకుని నిచ్చెన కాళ్ల కేసి చూస్తున్నాడు.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. సంచీలో గుండుతాడు కూడా ఉంది. గోడ ఎంత వాలిందో దాన్ని వేలాడదీస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. పక్కగదిలో పిల్లలు అరవ ఎక్కాలు వల్లిస్తున్నారు, ఈ గదిలో పిల్లలు నోరు మూసుకుని ఆయన కేసే చూస్తున్నారు.

“గాజు బాగుండాది” అన్నాడు తిరువేంగడం.

“ఆమా సామీ” అన్నాడు రంగప్ప.

దిగి వచ్చి, ఈ వానకాలానికి గది వాడుకోవచ్చునని రాసి ఇచ్చాడు. సరస్వతమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆయన సైకిలెక్కాడు. ఊరు దాటేదాకా వెనక్కి చూడలేదు.

*

కార్తీకంలో ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. ఐదో రోజు పొద్దున గది కురుస్తోందని సరస్వతమ్మ పిల్లలను వసారాలో కూర్చోబెట్టింది. చాపలు తడిసిపోతాయని మునియమ్మ లోపలికి పోయింది. పలక మరిచిపోయానని ఒక పిల్ల ఆమె వెనకే పోయింది. గోడ ముందు కిందినుంచి కూర్చుంది, తరువాత దూలం వచ్చింది. మునియమ్మను పైకి తీసేసరికి ప్రాణం లేదు. పిల్లను బండిలో గుడియాత్తానికి, అక్కణ్ణుంచి బస్సులో వేలూరుకు తీసుకుపోయారు. బతికింది. మోకాలి పైకి కాలు తీసేశారు. తిరువేంగడం పేరు రాసి చూపించిన పిల్లే.

తిరువేంగడం పోయేసరికి మధ్యాహ్నమైంది. నేరుగా కూలిన గోడ దగ్గరికి నడిచాడు. పునాది ఇటుకలు మోచేతి లోతు దాకా అద్దకపు నీళ్లకు ఎర్రగా నాని ఉన్నాయి, చేతితో నలిపితే నలిగాయి. శిథిలాల్లో వెతికి ఒక సున్నపు ముద్ద తీశాడు. గాజు చివర దానికింకా అంటుకునే ఉంది. ముద్దను తిప్పి చూశాడు. ఒకదాని మీద ఒకటి పూసిన పొరలు. లెక్కపెట్టాడు. నాలుగు. మొదటిది తాను పెట్టింది.

రంగప్ప వానలోనే, వసారా అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. తిరువేంగడం పోయి అతని పక్కన నిలబడ్డాడు.

“మూడు తూర్లా?”

“మూడు తూర్లే సామీ. మాఘంలో ఒకసారి. చిత్తిరలో. మళ్లా మీరు వచ్చే రెండు దినాలకు ముందు.”

“నాతో ఎందుకు చెప్పలేదు రంగప్పా?”

రంగప్ప ముఖం తుడుచుకున్నాడు.

“సంతపాక కాడ చెప్పినాను గదా సామీ” అన్నాడు.

వాన పడుతూనే ఉంది. తిరువేంగడం సున్నపు ముద్దను సంచీలో వేసుకున్నాడు. తరువాత గొంతు తగ్గించి అడిగాడు.

“ఇంకా యాడాడ మార్చినావు?”

రంగప్ప వేళ్లు మడుస్తూ చెప్పాడు. సంతపాక. రెండు బళ్లు. ఒక సత్రం. ఒక్కడే కాదు, తక్కిన మేస్త్రీలూ అంతే. గాజు పగిలితే ఎవరికి వారు అతికించుకోవడం ఆరేళ్లుగా అలవాటు. సూపర్వైజరయ్య వచ్చేలోగా సున్నం ఆరాలి, అంతే వాళ్ల బెంగ.

ఆ సాయంత్రం లోపల ఇద్దరూ నాలుగు చోట్లకూ పోయారు. తిరువేంగడం సైకిలు తొక్కాడు, రంగప్ప వెనక కూర్చున్నాడు. ప్రతి చోటా గుండుతాడు వేశారు. సత్రంలో పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది; దాన్ని దించేదాకా ఆగమన్నారు, ఆగలేదు. నాలుగింటికీ తాళాలు వేయించాడు.

విచారణకు వేలూరు నుంచి ఇంజినీరు వచ్చాడు. మేస్త్రీ మోసం చేశాడని రాస్తే ఉద్యోగానికి ఢోకా ఉండదని ఆఫీసులో అందరూ తిరువేంగడానికి చెప్పారు. రంగప్ప కూడా అదే చెప్పాడు; నా మీద రాసేయండి సామీ, నాకు పోయేదేముండాది అన్నాడు. తిరువేంగడం రెండు వాక్యాలు రాశాడు. గాజు మార్చినట్టు తనకు పరీక్ష రోజునే తెలుసునన్నది ఒకటి. మార్చేటట్టు చేసింది తానేనన్నది రెండోది. ఇంజినీరు రెండో వాక్యం అర్థం కాలేదన్నాడు. మొదటిది చాలన్నాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఆ నెలాఖరుతో పోయింది.

తెలుగు క్లాసు ఎటూ ఎత్తేశారు. సరస్వతమ్మ చిత్తూరు వైపు వేరే బడికి పోయింది. పోయేముందు చెప్పిపోవడానికి రాలేదు. ఆయన వస్తుందనీ అనుకోలేదు. నెలకొకసారి నెల్లిమేడు పోయి ఆ పిల్ల ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేవాడు. వాళ్లు పొమ్మనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు.

*

రెండేళ్లు గడిచాక ఒక పొద్దున, తిరువేంగడం బావి దగ్గర ఉండగా రంగప్ప వచ్చాడు. మనిషి వంగిపోయాడు. తలగుడ్డ కొస విప్పి, అరచేతిలో రెండు గాజు ముక్కలు పెట్టి చూపించాడు. ఆసుపత్రి ఉత్తరపు గోడదని చెప్పాడు. వారం కిందటే పగిలింది.

“కొత్తాయనకు చూపించలేదా?”

“ఆయన ముందరికి పోతే కాళ్లు ఆడల్లేదు సామీ” అన్నాడు రంగప్ప. “అతికించేదానికి చేతులూ ఆడల్లేదు. మీరు రావల్ల.”

తనకు ఆ ఆఫీసులో మాట చెల్లదని తిరువేంగడం అనబోయాడు. అనలేదు. ఇంట్లోకి పోయి చొక్కా తొడుక్కున్నాడు. పంకజమ్మ యాడికని అడిగితే చెప్పాడు. ఆమె తువ్వాలు అందించింది.

ఆఫీసులో బంట్రోతు ఆయనను గుర్తుపట్టి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. సూపర్వైజరు లోపల పనిలో ఉన్నాడన్నాడు. ఎంతసేపని చెప్పలేడన్నాడు. ఇద్దరూ వసారాలో బల్ల మీద కూర్చున్నారు. పన్నెండు దాటింది. లోపలి నుంచి పిలుపు రాలేదు. ఒకసారి తలుపు తెరుచుకుంటే రంగప్ప గబుక్కున లేచి నిలబడ్డాడు, మళ్లీ మూసుకుంది.

“కూచో రంగప్పా” అన్నాడు తిరువేంగడం. “చెప్పే పోదాము.”

గాజు ముక్కలు ఆయన ఒళ్లో, తువ్వాలు మీద ఉన్నాయి. కనిపించేటట్టు పెట్టుకున్నాడు.