వాన వల్ల జరగని సభ

భద్రాచలం రోడ్డు పక్కన, అడవి మొదలయ్యే చోట, డెబ్బైల మొదట్లో మిషన్ వాళ్లు పెట్టిన చిన్న డిగ్రీ కాలేజీ అది. అందులో పగిడయ్య లైబ్రరీ అటెండరు. మెట్రిక్ దాకా చదివాడు. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేని పేజీలు. ఆ చేతిరాతే అతని కొంప ముంచింది.

కాలేజీలో విద్యార్థి సంఘాలు ఐదుండేవి. ఒక్కో సంఘం ఏడాదికి ఆరు సభలు జరపాలని రూలు. జరిగేవి ఒకటో రెండో. తనిఖీ ఉందని తెలియగానే మినిట్స్ పుస్తకాలన్నీ పగిడయ్య బల్ల మీదికి చేరేవి. జరగని సభలను అతను కాగితం మీద జరిపించేవాడు. మొదట్లో భయంగా, తర్వాత తర్వాత హుషారుగా. ఎవరూ చేయని ప్రసంగాలకు చప్పట్లు కొట్టించాడు. 1979లో చరిత్ర సంఘాన్ని నేలకొండపల్లి బౌద్ధ స్తూపం దగ్గరికి తీసుకెళ్లి, చెట్టు నీడన పులిహోర పెట్టించాడు. ఆ ఏడాది ఆ సంఘం కాలేజీ గేటు దాటలేదు.

1995లో కాలేజీకి పాతికేళ్ల పండగ వచ్చింది. సంఘాల చరిత్రతో పుస్తకం వేస్తున్నారు. రాసేది తెలుగు లెక్చరర్ చెంచురామయ్య. ఆ రోజుల్లోనే హీరాలాల్ లైబ్రరీకి వచ్చాడు. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసే మనిషి. వెంట పదేళ్ల కూతురు గోరి.

"కాకా, మా ఇంటిది ద్వాలి చచ్చిపోయింది. కామెర్లు. ఖమ్మం దవాఖానాల పదకొండు రోజులున్నది" అన్నాడు. కూతుర్ని చూపించి, "ఎనభై మూడుల ఈడ స్టేజీ ఎక్కి మాట్లాడిన అని చెప్తుండె. పిల్ల చూస్తనంటంది. యాడన్న రాసి ఉందా?"

పుస్తకం ఉంది, పేజీ కూడా పగిడయ్యకు తెలుసు. అయినా వెతికినట్టే వెతికి, "పండగ నాడు రా బిడ్డా" అని పంపేశాడు.

వాళ్లు వెళ్లాక పుస్తకం తెరిచాడు. వక్తృత్వ సంఘం, సెప్టెంబర్ 1983. 'వర్షం కారణంగా సభ జరగలేదు.' తన గుండ్రటి అక్షరాలే.

నిజంగా జరిగిన కొద్ది సభల్లో అదొకటి. అంశం సేవ. చండ్రుగొండ వైపు తండా నుంచి డిగ్రీ చదవడానికి వచ్చిన ద్వాలి, కాగితం లేకుండా నిలబడి మాట్లాడింది. మధ్యలోనే అధ్యక్షుడు చెంచురామయ్య లేచి సభ ముగిసిందన్నాడు. బయటికొచ్చి, "వానని రాసెయ్ పగిడయ్యా" అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పగిడయ్య రాశాడు. ఆ తర్వాత ఏ సంఘం జాబితాలోనూ ద్వాలి పేరు లేదు.

మర్నాడు పుస్తకం పట్టుకుని చెంచురామయ్య దగ్గరికి వెళ్లాడు.

"సార్, గీ సభ జరిగింది. చరిత్రల పెట్టాలె."

"రికార్డులో లేదు కదయ్యా."

"రికార్డు రాసింది నేనే గద సార్."

"మరింకేం. ఇది తప్పంటే మిగతావి ఒప్పవుతాయా? ఒక్క పోగు లాగితే పాతికేళ్లూ ఊడొస్తాయి. బిషప్ గారికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" చెంచురామయ్య నవ్వుతూ పళ్ల మధ్య ఇరుక్కున్న వక్కను గోటితో తీసి, ఆ గోటినే ప్రూఫు కాగితానికి తుడిచాడు. "నీ పేరు కృతజ్ఞతల్లో వేశాను, చూసుకో."

పగిడయ్య తన బల్ల దగ్గరికొచ్చి తెల్లకాగితం తీసుకున్నాడు. ఆనాటి సభ గురించి రాస్తుంటే చెయ్యి అలవాటు కొద్దీ 'సభికులు హర్షధ్వానాలు చేశారు' అని రాసేసింది. అతను ఉమ్మేసినంత పని చేసి కాగితం చింపాడు. రెండోసారి, 'ఆ రోజు వాన లేదు' అని మొదలుపెట్టాడు. సొంత మాట ఒక్కటీ కలపలేదు.

పండగ నాడు షామియానా కింద చరిత్ర చదువుతున్నారు. నేలకొండపల్లి యాత్ర రాగానే పూర్వ విద్యార్థి వెంకటనారాయణ లేచాడు. ఇప్పుడు రైసుమిల్లు ఓనరు.

"ఆ పులిహోర రుచి ఇప్పటికీ నాలిక మీదే ఉందండీ. తిరుగు దారిలో బస్సు టైరు పేలింది, అది రాయలేదేం?"

అందరూ చప్పట్లు కొట్టారు. పగిడయ్య చెవులు మూసుకోలేక లేచి, లైబ్రరీ మెట్ల దగ్గర కూర్చున్న తండ్రీకూతుళ్ల దగ్గరికి వచ్చి కాగితం ఇచ్చాడు. గోరి గట్టిగా చదివింది.

"ఆ రోజు వాన లేదు. ద్వాలి ఇట్లా మాట్లాడింది. మీ సేవాసంఘం మా తండాకొచ్చింది. మా అమ్మ చేతిల సబ్బుబిళ్ళ పెట్టి ఫోటో దిగిండ్రు. ఫోటో అయినంక సబ్బు గుంజుకున్నరు, పక్క తండాల గూడ దిగాలెనని. మా అమ్మ గట్లనే చెయ్యి చాపి నిలబడ్డది. సిగ్గు మాకా, మీకా?"

హీరాలాల్ తల వంచుకున్నాడు. గోరి మాత్రం నవ్వింది.

"గివి మా అమ్మ మాటలే. ఇంట్ల గూడ గట్లనే అడుగుతుండె, సిగ్గు నాకా నీకా అని." కాగితం అటూ ఇటూ తిప్పింది. "గింతేనా తాతా?"

"గింతే బిడ్డా. ఇంక మాట్లాడనియ్యలే."

"మరి నువ్వేం చేసినవ్?"

షామియానాలో మళ్లీ చప్పట్లు మోగాయి.

"వాన పడ్డదని రాసిన" అన్నాడు పగిడయ్య.

గోరి కాగితం మడిచి తండ్రి జేబులో పెట్టింది. తాతా అని మళ్లీ పిలవలేదు.