టమాటాల బండి గుట్ట ఎక్కిన రోజు

ముందు ఎడమ చక్రం గాలిలో ఉంది. వెనుక చక్రాలు రెండూ నున్నటి బండను పట్టుకుని ఉన్నాయి. నా కుడికాలు బ్రేకు మీద ఉంది. ఎదుటి అద్దంలోంచి చూస్తే ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. సరిగ్గా అప్పుడు స్టీరింగు ముందర పెట్టుకున్న ఫోను మోగింది. తెర మీద ‘చిన్నాయన’ అని ఉంది. లెక్క ప్రకారం చిన్నాయన ఇంకో పది రోజులు పుణెలో ఉండాలి. నేను ఎక్కి కూర్చున్న బండి ఆయనది.

ఎత్తకపోతే ఎత్తేదాకా చేసే మనిషి ఆయన. స్పీకరు నొక్కాను.

“ఏడున్నవ్‌రా?”

“ఈడనే చిన్నాయనా.”

“పని జల్ది ఒడిసింది. రాయచూర్‌ల రైలు దిగిన, బస్సు ఎక్కుతున్న. బండి తీస్కొని వనపర్తి బస్టాండ్ కాడికి రా. సామాను మస్తున్నది.” ఇంజను చప్పుడు ఆయన చెవిన పడింది. “ఏంది ఆ సప్పుడు?”

“బండి స్టార్ట్ చేసి పెడుతున్న. బ్యాటరీ డౌన్ కావద్దని.”

“మంచిది. దినాం చేస్తున్నవా?”

“దినాం చేస్తున్న.”

(ఆ సంభాషణలో అబద్ధం కానిది ఆ ఆఖరి మాట ఒక్కటే.)

ఆ రోజుల్లో నాకు భయం ఆలస్యంగా వచ్చేది. పని అయిపోయాక, తప్పించుకునే దారులన్నీ మూసుకున్నాక తీరికగా వచ్చి పక్కన కూర్చునేది. ఇప్పుడు పని మొదలు పెట్టకముందే వస్తోంది. అందుకే ఇప్పుడు చాలా పనులు మొదలే కావు. అప్పట్లో నేను వనపర్తిలో ఒక పేపరుకు విలేకరిని. నా వార్తలు జిల్లా పేజీలో అడుగున, తప్పిపోయిన వారి ప్రకటనల పక్కన వచ్చేవి. చిన్నాయన ఇరవై ఏళ్లుగా మా ఊరి వాళ్లను వెంటేసుకుని పుణెకు కూలి పనికి పోయేవాడు. ఆ ఏడు ఎవరో వాడి వదిలేసిన పికప్ బండి ఒకటి కొన్నాడు. గొర్రెలను, కూరగాయలను సంతలకు చేరవేస్తే ఇక ఊరు దాటక్కర్లేదని ఆయన లెక్క. ఒప్పుకున్న పని ఒకటి మిగిలి ఉండడంతో ఆఖరుసారి బయల్దేరుతూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. “ఈ ఒక్కపాలి పోయొస్త. వచ్చినంక నా బండి నేను నడుపుకుంట, మల్ల పుణె మొకం చూడ. బండి పైలం. దినాం ఒకసారి స్టార్ట్ చేసి పెట్టు, అంతే,” అన్నాడు. ఆ ‘అంతే’ దగ్గర నేను ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మొదటి వారం బుద్ధిగా స్టార్ట్ చేసి ఆపాను. రెండో వారం ఖిల్లా ఘణపూర్ దగ్గరి గుట్టల మీదికి పట్నం నుంచి ఐదారు జీపులు వచ్చాయి. వార్త రాయమంటే వెళ్లాను. పెద్ద పెద్ద బండల మీదికి ఆ జీపులు బల్లుల్లా పాకుతుంటే నోరు తెరుచుకుని చూశాను. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి పోయి, మా చిన్నాయన దగ్గర పికప్ ఉంది, అది కూడా ఎక్కుతుందా అని అడిగాను. ఆయన నావైపు కాకుండా తన స్నేహితుల వైపు తిరిగి, “అది టమాటాల బండి బ్రదర్, దాన్ని టమాటాలు మోసుకోనియ్యి,” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను, ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున బండి స్టార్ట్ చేసి, ఆపకుండా నేరుగా పెబ్బేరు రోడ్డులో ఉన్న మెకానిక్ ఉస్తాద్ షెడ్డుకు తీసుకెళ్లాను.

ఉస్తాద్ చేతికి రాని బండి తాలూకాలో లేదు. నల్లకళ్లద్దాల మాట చెప్పగానే నాకంటే ఎక్కువ ఆయనే బాధపడ్డాడు. ఆయన కూడా ఆ వారంలో మూడు టమాటాల బండ్లు బాగు చేసి పంపినవాడే. “అరె తమ్మి, బండికి ఏం తెల్వదు. ఎక్కుమంటే ఎక్కుతది. మనం ఎక్కుమనాలె,” అన్నాడు. ముందు బంపరు, బురద రేకులు ఊడదీశాం. బండి బరువు మోసే కమాన్ పట్టీల కింద మరో రెండు పట్టీలు చేర్చి బండిని జానెడు పైకి లేపాం. ఎక్కడో మూలన పడున్న పాత జీపు టైర్లు, పెద్ద పెద్ద గుబ్బలున్నవి, తెచ్చి తొడిగాం. ఇక్కడితో ఆగినా బాగుండేది. వెనుక ఇరుసు దగ్గర ఉస్తాద్ తల గోక్కున్నాడు. మామూలు బండిలో వెనుక చక్రం ఒకటి గాలిలోకి లేస్తే అదొక్కటే గిర్రున తిరుగుతుంది, నేల మీదున్న చక్రం కదలదు. రెండూ ఒక్కలా తిరగాలంటే ఇరుసు మధ్య గుండులో ఉండే పండ్ల చక్రాలను కలిపి వెల్డింగ్ చేసేయాలి.

“చేస్తే రాళ్ల మీద పులి లెక్క ఎక్కుతది,” అన్నాడు. “రోడ్డు మీద మాత్రం మలుపు మలుపుకు ఏడుస్తది. లోపలి చక్రం తక్కువ తిరగాలె, బయటి చక్రం ఎక్కువ తిరగాలె. ముడి ఏసినంక రెండూ గుంజులాడుకుంటయి.”

“మల్ల ఇప్పొచ్చా ఉస్తాద్?”

“వెల్డింగ్ అంటే ఏందనుకున్నవ్, లుంగీ ముడా?”

నా ముఖం చూసి జాలిపడి, రాయచూర్ కబాడీలో, అంటే పాత ఇనుప సామాన్ల అంగట్లో, ఇంకో పండ్ల చక్రాల సెట్టు దొరుకుతుందనీ, చిన్నాయన వచ్చేలోపు అది మార్చి, బండిని మళ్లీ టమాటాల బండి చేసేద్దామనీ మాటిచ్చాడు. ఆ మాట మీద నేను తల ఊపాను. వెల్డింగ్ మెరుపులకు కళ్లు మూసుకున్నాను. (అప్పట్లో నా నిర్ణయాలు చాలావరకు కళ్లు మూసుకున్నప్పుడే జరిగేవి.)

రాయచూర్ సెట్టు ఈ రోజు వస్తుంది, రేపు వస్తుంది అంటూ ఉస్తాద్ రోజులు జరిపాడు. నాకు అన్నం సహించడం మానేసింది. బండిని ఇంటి ముందు పెట్టినప్పుడల్లా చిన్నమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. “ఏందిరా, బండి గింత ఎత్తు అయింది?” అని ఒక రోజు అడిగింది. టైర్లలో గాలి ఎక్కువ కొట్టించానని చెప్పాను. “జర తగ్గియ్యి. మీ చిన్నాయనకు మోకాళ్లు నొస్తయి, ఎక్కనీకె రాదు,” అని లోపలికి పోయింది. ఆ రాత్రంతా మోకాళ్ల నొప్పులున్న మనిషి ఒకాయన నా కలలో బండి ఎక్కడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

అలా ఆ గురువారం పొద్దున గుట్ట కిందికి చేరాం. పూజ లేకుండా కుదరదని నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు నేనే పెట్టాను. ‘బిస్మిల్లా’ అని ఉస్తాద్ టైర్లలో సగం గాలి తీసేశాడు. మెత్తబడితే టైరు బండను అరచేతిలా పట్టుకుంటుందట. ఎక్కేటప్పుడు ఆయన పక్కన నడుస్తూ దారి చెప్పాలి, తన ఫోనులో వీడియో తీయాలి. నల్లకళ్లద్దాల ఆయనకు పంపడానికి ఆ వీడియో కావాలి. సగం ఎక్కేసరికి బండి పక్కకు ఒరిగింది, చక్రం గాలిలోకి లేచింది, చిన్నాయన ఫోను వచ్చింది.

ఫోను పెట్టేశాక చూస్తే, ఉస్తాద్ రెండు చేతులతో వెనుక చక్రం కింద రాయి అదుముతున్నాడు.

“ఎనక్కి ఒస్త ఉస్తాద్. చిన్నాయన ఒస్తుండు.”

“ఎనక్కి ఒస్తే బోల్తా కొడ్తవ్. ముందుకు పో. మెల్లగ. పానం పోయినా బ్రేకు తొక్కకు.”

మా చిన్నాయన ఇరవై ఏళ్ల పుణె నా కాలికింద ఉంది. బండి దొర్లితే ఆయన మళ్లీ సంచి సర్దుకుంటాడు. నాకు ఆ క్షణంలో కనబడింది గుట్ట కాదు, ఆ సంచి. బ్రేకు వదిలాను. ఇంజను గుర్రుమంది. వెల్డింగ్ చేసిన చక్రాలు రెండూ కలిసి, తొందర లేకుండా, అంగుళం అంగుళం బండను మింగుతూ పోయాయి. గాలిలో ఉన్న చక్రం మెత్తగా కిందికి దిగింది. ఆకాశం పోయి అద్దంలోకి గుట్ట మీది గడ్డి వచ్చింది. ఎక్కేశాం. చూసినవాడు ఉస్తాద్ ఒక్కడు, ఆయన చేతులు రాయి మీద ఉన్నాయి. వీడియో లేదు. జీవితంలో నేను సాధించిన ఏకైక సాహసానికి సాక్ష్యం రెండు మేకలు.

అవతలి వైపు వాలు సులువు. దిగాక గుర్తొచ్చింది, గాలి కొట్టే పంపు తేలేదు. గాలి తీయడం మీద ఉన్న శ్రద్ధ నింపడం మీద ఇద్దరికీ లేకపోయింది. మెత్తటి టైర్లతో గట్టిగా పోతే ట్యూబులు నలిగిపోతాయని ఉస్తాద్ అనడంతో ఘణపూర్ పంక్చర్ షాపు దాకా నడక వేగంతో పోయాం. ఒక ఎడ్లబండి మమ్మల్ని దాటిపోయింది. దాని మీది ముసలాయన “డీజిల్ ఐపోయిందా నాయనా,” అని అడిగాడు కూడా. చిన్నాయన బస్సు గద్వాల దాటిందేమో, పెబ్బేరు దాటిందేమో అని నేను గంట మీద గంట లెక్కపెట్టుకుంటున్నాను. షెడ్డుకు చేరి బురద రేకులు బిగించాం. బంపరుకు ఒక బోల్టు కనబడలేదు, ఆ పక్క తీగ చుట్టాం. ఇక టైర్లు మార్చే వేళ లేదు.

బస్టాండ్ మలుపు తిప్పగానే బండి ఏడ్చింది. మామూలు ఏడుపు కాదు, బస్సు కోసం నిలబడ్డ వాళ్లంతా తిరిగి చూసే ఏడుపు. చిన్నాయన మూడు సంచుల మధ్య నిలబడి ఉన్నాడు. బండి ముందు నుంచి వెనక్కి నడిచాడు, వెనక నుంచి ముందుకు వచ్చాడు. తీగ చుట్టిన బంపరును బొటనవేలితో ఒకసారి కదిపాడు. టైరు గుబ్బల్లో ఇరుక్కున్న నిమ్మతొక్క ఒకటి తీసి, చూసి, కింద పడేశాడు. నేను అరడజను అబద్ధాలు సిద్ధం చేసుకుని ఉన్నాను.

“జరుగు. నేను నడుపుత,” అన్నాడు.

ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి నా భుజం పట్టుకుని ఎక్కాడు. మొదటి మలుపులో బండి ఏడ్చింది. రెండో మలుపు వెడల్పుగా తీశాడు, తక్కువ ఏడ్చింది. మూడో మలుపుకు దానికీ ఆయనకూ ఒక ఒప్పందం కుదిరినట్టుంది. ఇల్లు చేరేదాకా ఆయన పుణె గురించి మాట్లాడాడు, అక్కడి ఎండ గురించి, ఇక పోనవసరం లేకపోవడం గురించి. నేను “అవును చిన్నాయనా” అంటూ కూర్చున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. దిగేటప్పుడు మాత్రం, “రేపు పొద్దుగాల అమరచింతకు గొర్లను ఏసుకపోవాలె. నువ్వు రా,” అన్నాడు.

గొర్రెలు జానెడు ఎత్తు పెరిగిన బండిలోకి దూకవని మర్నాడు తెలిసింది. ఒక్కొక్కదాన్ని రెండు చేతులా ఎత్తి లోపల పెట్టింది నేను. పక్కన రాయి మీద కూర్చుని బీడీ కాలుస్తూ, “దాన్ని జర పైలంగ ఎత్తు, చూడితోటి ఉన్నది,” అని సలహాలిచ్చింది ఆయన.

రాయచూర్ సెట్టు మూడు వారాల తర్వాత వచ్చింది. బండి షెడ్డుకు తీసుకుపోయి మార్పించుకుందామని చిన్నాయనకు చెప్పాలంటే ఏం మార్చాలో, ఎందుకు మార్చాలో కూడా చెప్పాలి. రేపు చెబుదామనుకున్నాను. పన్నెండేళ్లు అయింది. చిన్నాయన ఆ బండితోనే గొర్రెలు మోశాడు, మళ్లీ పుణె పోలేదు, మలుపులన్నీ వెడల్పుగానే తిప్పాడు. నేను పట్నంలో డెస్కులో కూర్చుని ఇతరుల వార్తలు దిద్దుతున్నాను. ఈ మధ్య ఊరికి పోయినప్పుడు, కంటి ఆపరేషన్‌కు దవాఖానకు బయల్దేరుతూ ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టాడు. “రెండు దినాలు ఉంటవు గదా. ఒకసారి స్టార్ట్ చేసి పెట్టు, అంతే,” అన్నాడు. ఎందరో నాయకుల ముఖాలు చదివి వార్తలు రాసినవాణ్ని, ఆయన ముఖంలో ఒక్క అక్షరం దొరకలేదు. నేను బండి స్టార్ట్ చేశాను, రెండు నిమిషాలు ఆగి, ఆపేశాను.

కబాడీ నుంచి వచ్చిన ఆ సెట్టు గోనెసంచిలో చుట్టి, నూనె పట్టి, ఉస్తాద్ షెడ్డులో బల్ల కింద ఇప్పటికీ ఉంది.