బొట్టు పెట్టిన మదర్‌బోర్డు

ఆ రోజు తప్పు పూర్తిగా నాదే. ఆటల కోసం రెండు గ్రాఫిక్స్ కార్డులున్న కంప్యూటర్‌ను తన చేతులతో బిగించుకోవాలని మా అమ్మాయి సింధు ఏడాదిగా ఆశపడింది. కార్డులు ముందే కొనుక్కుంది. వాటిని అమర్చే మదర్‌బోర్డు కోసం సికింద్రాబాద్‌లో ఒక దుకాణానికి వెళ్లాం. ఆమె నల్లటి బోర్డు ఎంచుకుంది. నేను తెల్లది పట్టుకున్నాను.

“దీంట్ల కార్డులు గుచ్చే స్లాట్లు పక్కపక్కనే ఉన్నయి డాడీ. నా కార్డులు లావు, రెండోది పట్టదు,” అంది.

“రెండు కార్డులకు రెండు స్లాట్లు ఉన్నయి గద! నల్లదాని మీద బొట్టు పెడితే కనవడ్తదా? నీకేం తెల్వది, ఊకో,” అని అందరి ముందూ కసిరి, తెల్లదే కొన్నాను.

సీతాఫల్‌మండిలో ఇంటికి రాగానే, కొత్త వస్తువు కదా అని బోర్డుకు తడి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. తర్వాత సింధు మొదటి కార్డు బిగించింది. అది రెండో స్లాటును పూర్తిగా కప్పేసింది. ఆమె స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు బోర్డు మార్చుకుందామని ఇద్దరం వెళ్లాం. దుకాణదారు డబ్బా తెరిచి, పనివాళ్లందరినీ పిలిచాడు.

“కాలిపోయిన బోర్డులు తెచ్చేటోళ్లను చూసిన సార్. పూజ చేసి తెచ్చుడు ఇదే ఫస్ట్! నేనెట్ల వాపస్ తీస్కోవాలె?”

ఒకతను ఫొటో తీశాడు. ఇంకొకతను బోర్డుకు దండం పెట్టాడు. సింధు మాత్రం తలెత్తలేదు. ముందురోజు నేను కసిరినప్పుడూ ఇలాగే నిలబడింది.

“తప్పు నాది. మా బిడ్డ నిన్ననే కరెక్టు చెప్పింది, నేనే ఇనలే,” అని అందరికీ వినబడేలా అన్నాను. ఆమె చూపించిన బోర్డే కొన్నాను. ఇంటికొచ్చాక ఆమె బిగిస్తుంటే, సాయంత్రమంతా టార్చిలైటు పట్టుకుని నోరు మెదపకుండా పక్కన కూర్చున్నాను.