గుమ్మిలో ఇద్దరం

గాలివాన వెలిసిందంటే చాలు, ఎన్ని చెట్లు కూలాయని అడుగుతారు జనం. తిండిగింజలు ఏమయ్యాయని అడిగేవాళ్లు కనబడరు. నాకు ఒళ్లు మండుతుంది. ఏటేటా ముదురుతున్న ఈ గాలులు రేపు నా మనవల నోటికాడి కూడు ఎత్తుకుపోతాయేమోనని నా భయం. ఆ భయం నన్ను చిన్నప్పుడే, ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో పట్టుకుంది.

మా నడింట్లో పేడతో అలికిన పెద్ద వెదురు గుమ్మి ఉండేది, నాకంటే ఎత్తు. దాని నిండా జొన్నలు. వానకాలం పంట చేతికొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. ఒక ఎండాకాలం బాపు అందులో సగం బండికెత్తి, కామారెడ్డిలో అమ్మి, ఇంటికప్పుకు రేకులు తెచ్చాడు. గడ్డి తీసి రేకులు పరిస్తే ఊరంతా వచ్చి చూసిపోయింది. మా గొప్పకు అంతు లేదు. బాపు తల్లి, మా అవ్వ, మాత్రం మూతి ముడుచుకుంది.

"తినే గింజలమ్మి నెత్తి మీద ఇనుము వెట్టినవ్. గాలికి గడ్డి మన మీద వడ్డా బతుకుతం. గిది వడితే ఎట్లరా?"

"నీకన్నీ అనుమానాలే అవ్వా. గది కదలది," అన్నాడు బాపు.

నెల తిరగలేదు. ఒక పగటిపూట పడమట ఎర్రటి దుమ్ము లేచింది. బాపు, అమ్మ ఊరవతల చెలకలో దుక్కి పనిలో ఉన్నారు. ఇంట్లో అవ్వ, నేను, తమ్ముడు. రేకులు దడదడలాడుతున్నాయి. బయటికి పోదామంటే వీధిలో కట్టెలు ఎగిరి వస్తున్నాయి. అవ్వ మమ్మల్ని రెక్క పట్టి లేపి గుమ్మిలో జొన్నల మీదికి దింపింది. పైన గొంగడి కప్పి, దాని మీద తాను బోర్లా వాలింది.

చీకటి, దుమ్ము, దగ్గు. కప్పు ఊడుతున్న చప్పుడు. అవ్వ ఒక్కసారి మూలిగింది. ఆ తర్వాత వాన. చచ్చిపోతామనే అనుకున్నాను.

ఆ సగం అమ్మకపోతే గుమ్మిలో మాకు జాగా ఉండేది కాదు. అమ్మకపోతే ఆ రేకులూ ఉండేవి కావు. ఇన్నేళ్లు ఆలోచించినా నాకు ఎటూ తేలలేదు.

బాపు, అమ్మ పరుగున వచ్చేసరికి ఇంటికి కప్పు లేదు. ఊడిన రేకు అంచు అవ్వ కుడి భుజాన్ని ఎముక దాకా కోసింది. బాపు లేపబోతే ఆమె, "జొన్నలు తడిసినయా సూడు," అంది.

అమ్మకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "పిల్లలెట్లున్నరని అడగవేంది అత్తా?"

"ఆళ్లు ఏడుస్తనే ఉన్నరు, ఇనవడ్తనే ఉంది. జొన్నలు ఏడ్వయి గద బిడ్డా."

జొన్నలు తడవలేదు. కొత్త పంట వచ్చేదాకా అవే తిన్నాం. అవ్వ కుడి చెయ్యి మళ్లీ లేవలేదు. రోజూ రొట్టె తుంచి బాపే ఆమె నోట్లో పెట్టేవాడు.